హిట్లర్ కట్టిన హాలుకి నైజీరియా పెద్దదిక్కు

చదివింది రాజనీతిశాస్త్రం. మొదట రాసింది కవిత్వం. కళల చరిత్రలో పట్టా లేదు. అయినా ప్రపంచంలోనే పెద్దవైన రెండు కళా ప్రదర్శనలకు సారథి అయ్యాడు. ఏ భవనంలోకి తనలాంటివాళ్లను రానివ్వకూడదని కట్టారో, ఆ భవనానికే డైరెక్టరయ్యాడు. ఆయనే ఓక్వీ ఎన్వెజర్.

మ్యూనిక్ నగరం. 1933 అక్టోబరు 15.

జర్మనీ పగ్గాలు చేతికొచ్చి ఇంకా ఏడాది నిండలేదు. హిట్లర్ ఒక పెద్ద భవనానికి శంకుస్థాపన చేస్తున్నాడు. చేతిలో ఆ ఒక్క పని కోసమే చేయించిన వెండి సుత్తి. చుట్టూ జనం, జెండాలు, బ్యాండు మేళం. రాయి మీద సుత్తితో కొట్టాడు... అంతే, సుత్తి కాస్తా విరిగిపోయింది! గృహప్రవేశంలో కొబ్బరికాయ కుళ్లిందంటేనే మనవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఇక అక్కడ ఆయనగారి మొహం ఎలా మారి ఉంటుందో చెప్పక్కర్లేదు.

సుత్తి విరిగినా పని ఆగలేదు. 1937 జులై 18న భవనం తలుపులు తెరుచుకున్నాయి. పేరు 'హౌస్ డెర్ డాయిచెన్ కున్‌స్ట్'. అంటే జర్మన్ కళా భవనం. ముందు భాగంలో ఈ చివర నుంచి ఆ చివరిదాకా బారులు తీరిన రాతి స్తంభాలు. లోపల కండలు తిరిగిన వీరుల విగ్రహాలు, పచ్చని పొలాలు, బుద్ధిమంతులైన రైతు కుటుంబాల బొమ్మలు. ఏది గోడకెక్కాలో, ఏది ఎక్కకూడదో తేల్చే చివరి మాట హిట్లర్‌దే.

మర్నాడే, అక్కడికి నడిచి వెళ్లేంత దూరంలో ఇంకో ప్రదర్శన మొదలైంది. దాని పేరు 'భ్రష్ట కళ'. కాండిన్‌స్కీ, పాల్ క్లే, షగాల్, బెక్‌మన్ లాంటి చిత్రకారుల పనిని వెక్కిరించడానికే పెట్టిన ప్రదర్శన అది. బొమ్మల్ని ఇరుకు గదుల్లో కుక్కి, గోడల మీద ఎగతాళి రాతలు రాశారు. వాళ్ల మీద మోపిన నేరాల్లో ఒకటి... ఆఫ్రికా శిల్పాల ప్రభావం! నల్లవాళ్ల కళను చూసి నేర్చుకున్నారు కాబట్టి చెడిపోయారన్నమాట. ఇందులో ఒక తమాషా ఉంది. హిట్లర్ మెచ్చిన బొమ్మల కంటే ఆ 'చెడిపోయిన' బొమ్మల్ని చూడ్డానికే జనం ఎక్కువ వెళ్లారు. మ్యూనిక్‌లోనే 20 లక్షల మందికి పైగా!

సరిగ్గా 74 ఏళ్లు గడిచాయి. 2011 అక్టోబరులో ఆ రాతి స్తంభాల భవనానికి కొత్త డైరెక్టరు వచ్చాడు. చక్కగా కుట్టించిన సూటు, గుండ్రటి మొహం, గంభీరమైన గొంతు. పుట్టింది నైజీరియాలో.

ఎవరిని పిలవాలి?

మ్యూజియం అనగానే మనకు సాలార్‌జంగ్ గుర్తొస్తుంది. ముసుగు వేసుకున్న రెబెకా, గంటకోసారి బయటికొచ్చి గంట కొట్టే బొమ్మ ఉన్న గడియారం... ఎప్పుడు వెళ్లినా ఉన్నచోటే ఉంటాయి. వాటిని కాపాడటం, పట్టీ రాయడం, దుమ్ము పట్టకుండా చూసుకోవడం క్యూరేటర్ పని. సమకాలీన కళ దగ్గరికొస్తే ఈ ఉద్యోగం వేరు. కళాకారులు బతికే ఉంటారు. బొమ్మ రంగు ఇంకా ఆరి ఉండదు. వంద మందిలో ఎవరి పని చూపించాలి, ఎవరి పక్కన ఎవర్ని పెట్టాలి, ఎందుకు పెట్టాలి... ఇదంతా క్యూరేటరే తేల్చాలి. ఒకరకంగా పెళ్లి పిలుపుల జాబితా రాసే పెద్దమనిషి లాంటివాడు. జాబితాలో పేరుంటే పందిట్లో కుర్చీ ఉంటుంది. లేకపోతే వీధిలోంచి సన్నాయి వినాల్సిందే.

1980ల దాకా ఆ జాబితా దాదాపుగా న్యూయార్క్, పారిస్, లండన్, జర్మనీ పట్టణాల్లోనే తయారయ్యేది. ఆఫ్రికా నుంచి వచ్చేవి ముసుగులు, చెక్క బొమ్మలు. వాటి కింద చేసినవాడి పేరు ఉండేది కాదు, తెగ పేరు మాత్రం ఉండేది. అదే ఆఫ్రికాలో కెమెరా పట్టుకున్నవాడు, కాన్వాసు మీద గీసేవాడు, వీడియో తీసేవాడు ఉంటాడన్న ఆలోచనే ఆ జాబితా రాసేవాళ్లలో చాలామందికి తట్టలేదు. ఎన్వెజర్ జీవితమంతా ఆ జాబితాతో పోరాటమే.

ఇల్లు మారుతూ... మారుతూ...

ఆయన 1963 అక్టోబరు 23న నైజీరియాలోని కలబార్‌లో ఒక ఇగ్బో కుటుంబంలో పుట్టాడు. నాలుగేళ్లు నిండకముందే యుద్ధం వచ్చిపడింది. ఇగ్బోలు ఎక్కువగా ఉండే తూర్పు ప్రాంతం 'బియాఫ్రా' పేరుతో విడిపోతానంది. 1967 జులై నుంచి 1970 జనవరి వరకు సాగిన ఆ యుద్ధంలో తూటాల కంటే ఆకలికి చచ్చినవాళ్లే ఎక్కువ. ఎముకల గూళ్లలాంటి పిల్లల ఫొటోలు అప్పట్లో ప్రపంచమంతా పత్రికల్లో చూసింది. ఎన్వెజర్ కుటుంబం ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి తరలిపోతూ ఆ రోజుల్ని గట్టెక్కింది. తర్వాత ఎనుగు పట్టణంలో పెరిగాడు.

ఆఫ్రికా అంటే ఆకలి ఫొటో అని ప్రపంచం అనుకుంటున్న రోజుల్లో, ఆ ఫొటోల్లోని ప్రాంతంలోనే ఆయన బాల్యం గడిచింది. పెద్దయ్యాక ఆయన పెట్టిన ప్రదర్శనల్లో ఫొటోలకు అంత చోటు ఎందుకిచ్చాడో అర్థం చేసుకోవడానికి ఇది కొంత పనికొస్తుంది.

1982లో ఎన్సుక్కాలోని నైజీరియా విశ్వవిద్యాలయంలో కొన్ని నెలలు చదివి, అమెరికా విమానం ఎక్కాడు. న్యూయార్క్‌కు నది అవతల ఉన్న జెర్సీ సిటీ స్టేట్ కాలేజీలో చేరాడు. జెర్సీ సిటీ అంటే ఇవాళ మన తెలుగు కుటుంబాలకు కొత్త ఊరేమీ కాదు. అక్కడి వీధుల్లో ఇడ్లీ, దోసె దొరుకుతున్నాయి. ఆయనక్కడ 1987లో రాజనీతిశాస్త్రంలో డిగ్రీ పూర్తిచేశాడు. సాయంత్రాలు న్యూయార్క్ కాఫీ క్లబ్బుల్లో తన కవితలు చదివేవాడు. మిగిలిన సమయంలో గ్యాలరీలు తిరిగేవాడు. ఎక్కడికెళ్లినా ఒకటే లోటు కనిపించేది. ఇన్ని గోడలున్నాయి, ఇన్ని బొమ్మలున్నాయి... ఆఫ్రికావాళ్లు ఏరీ?

ఇలాంటి ప్రశ్న చాలామందికి వస్తుంది. కాఫీ తాగుతూ తిట్టుకుని వదిలేస్తారు. ఎన్వెజర్ పత్రిక పెట్టాడు!

1994లో మిత్రులతో కలిసి మొదలుపెట్టిన ఆ పత్రిక పేరు 'న్కా'. ఇగ్బో భాషలో కళ అని అర్థం. కార్యాలయం బ్రూక్లిన్‌లోని ఆయన ఇల్లే. సమకాలీన ఆఫ్రికా కళ గురించి మాత్రమే రాసే పత్రిక. చదివేవాళ్లు కొద్దిమందే అయినా ఆ కొద్దిమందిలో చదవాల్సినవాళ్లు ఉన్నారు. న్యూయార్క్‌లోని గుగ్గెన్‌హైమ్ మ్యూజియం నుంచి కబురొచ్చింది.

పేరు లేని ఫొటోలకు పేరు

1996లో గుగ్గెన్‌హైమ్‌లో మరికొందరు క్యూరేటర్లతో కలిసి ఎన్వెజర్ పెట్టిన ప్రదర్శన 'ఇన్/సైట్'. 1940 నుంచి అప్పటిదాకా పనిచేసిన 30 మంది ఆఫ్రికా ఫొటోగ్రాఫర్ల చిత్రాలు. వాళ్లలో ఒకరి కథ తెలిస్తే ఈ ప్రదర్శన విలువేమిటో తెలుస్తుంది.

మాలి దేశం, బమాకో పట్టణం. సేదూ కెయ్టా అనే ఆయన 1948లో అక్కడ ఫొటో స్టూడియో తెరిచాడు. మన ఊళ్లలో ఒకప్పటి స్టూడియోలే గుర్తు తెచ్చుకోండి. వెనకాల తెర, పక్కన పూలకుండీ, చేతికి అరువు గడియారం! కెయ్టా స్టూడియోలోనూ అంతే. వెనక పూల దుప్పటి కట్టేవాడు. కావాలంటే రేడియో, వాచీ, స్కూటరు పక్కన పెట్టి తీసేవాడు. ఊరి జనం తాము ఎలా కనిపించాలనుకున్నారో అలా కనిపించేవాళ్లు. దర్జాగా, నిండుగా, కళ్లలోకి చూస్తూ.

1991లో న్యూయార్క్‌లో జరిగిన ఒక ఆఫ్రికా కళా ప్రదర్శనలో ఆయన తీసిన ఫొటోల్ని పెట్టారు. కింద ఏమని రాశారో తెలుసా? 'ఫొటోగ్రాఫర్ ఎవరో తెలియదు' అని! అప్పటికి ఆయన బమాకోలో బతికే ఉన్నాడు. తర్వాత కొందరు వెతుక్కుంటూ వెళ్లి పట్టుకున్నారు. 1994లో పారిస్‌లో ఆయన పేరుతోనే ప్రదర్శన జరిగింది. 1996లో గుగ్గెన్‌హైమ్ గోడల మీద, మిగతా 29 మంది సహచరుల మధ్య, పేరుతో సహా కనిపించాడు. ఐదేళ్ల తేడా. అవే ఫొటోలు, అదే నగరం!

ఆ ప్రదర్శనతో ఎన్వెజర్ పేరు మార్మోగింది. మరుసటి ఏడాదే దక్షిణాఫ్రికాలో రెండో జొహానెస్‌బర్గ్ ద్వైవార్షిక ప్రదర్శన బాధ్యత అప్పగించారు. వర్ణవివక్ష పాలన పోయి మూడేళ్లే అయింది. ఆరు ప్రదర్శనలు, దేశదేశాల క్యూరేటర్లు, వలసలూ వాణిజ్య మార్గాలూ అనే పెద్ద అంశం... అంతా ఘనంగా మొదలైంది. కానీ నగరపాలక సంస్థ దగ్గర డబ్బులు నిండుకున్నాయి. గడువుకు నెల ముందే తలుపులు మూసేశారు. ఇంత ఖర్చుపెట్టి బయటివాళ్లను రప్పించారే, మా ఊరివాళ్లకు ఏం ఒరిగిందని స్థానికులు నిలదీశారు. అది న్యాయమైన ప్రశ్నే. జొహానెస్‌బర్గ్ ద్వైవార్షిక మళ్లీ జరగనే లేదు.

దిల్లీ మీదుగా కాసెల్‌కు...

ఓడిపోయిన ప్రదర్శన అనుకున్నారు కదా... 1998లో అదే మనిషికి డాక్యుమెంటా పిలుపొచ్చింది!

డాక్యుమెంటా గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి. జర్మనీ మధ్యలో కాసెల్ అనే పట్టణం ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులకు నేలమట్టమైంది. 1955లో అక్కడ పెద్ద పూల ప్రదర్శన జరుగుతుంటే, ఆర్నాల్డ్ బోడ అనే స్థానిక కళాకారుడు, అధ్యాపకుడు దాని పక్కనే ఒక కళా ప్రదర్శన పెట్టాడు. నాజీలు 'భ్రష్ట కళ' అని తరిమేసిన చిత్రాల్ని మళ్లీ జర్మన్లకు చూపించడం ఆయన ఉద్దేశం. ఇప్పుడది ఐదేళ్లకోసారి, వంద రోజులపాటు జరుగుతుంది. సమకాలీన కళాకారులకు అక్కడ చోటు దొరకడమంటే క్రీడాకారులకు ఒలింపిక్స్ లాంటిది. అంతవరకు దాని సారథులందరూ ఐరోపావాళ్లే. పదకొండో డాక్యుమెంటాకు మొదటిసారి బయటి మనిషి... అదీ ఆఫ్రికావాడు.

ఎన్వెజర్ ముందుగా ఆరుగురు క్యూరేటర్లను తోడు తెచ్చుకున్నాడు. వాళ్లలో దక్షిణాఫ్రికాలో పుట్టిన భారత సంతతి పండితుడు శరత్ మహరాజ్ ఒకరు. తర్వాత ఎవరూ ఊహించని పని చేశాడు. డాక్యుమెంటా కాసెల్‌లోనే ఎందుకు మొదలవ్వాలి అన్నాడు. దాన్ని ఐదు వేదికలుగా విడగొట్టాడు. మొదటి నాలుగూ సభలు, చర్చలు. వియన్నా, బెర్లిన్‌లలో ప్రజాస్వామ్యం గురించి. కరేబియన్ ద్వీపం సెయింట్ లూసియాలో భాషల, సంస్కృతుల కలగలుపు గురించి. లాగోస్‌లో ఆఫ్రికా మహానగరాల గురించి.

రెండో వేదిక మన దిల్లీ! 2001 మేలో జరిగింది. పేరు 'ఎక్స్‌పెరిమెంట్స్ విత్ ట్రూత్'. గాంధీజీ 'సత్యశోధన'కు ఇంగ్లిషులో ఉన్న పేరులోంచి తీసుకున్నదే. మారణకాండలు, నియంతృత్వాలు ముగిశాక బాధితులకు న్యాయం ఎలా చేయాలి? హంతకులు, వాళ్ల చేతుల్లో అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లు ఒకే ఊళ్లో మళ్లీ ఎలా బతకాలి? న్యాయవాదులు, చరిత్రకారులు, సినిమావాళ్లు కూర్చుని మాట్లాడారు. బొమ్మల ప్రదర్శనకూ దీనికీ ఏమిటి సంబంధం అని అప్పట్లో కొందరు నొసలు చిట్లించారు. బియాఫ్రా చూసిన పిల్లాడికి మాత్రం ఆ సంబంధం ఎవరూ చెప్పక్కర్లేదు.

2002 జూన్ 8న ఐదో వేదిక కాసెల్‌లో మొదలైంది. బీరు తయారుచేసే పాత కర్మాగారాన్ని కూడా ప్రదర్శనశాలగా మార్చారు. మనవాళ్లలో అమర్ కన్వర్, రవి అగర్వాల్, దిల్లీకి చెందిన రాక్స్ మీడియా కలెక్టివ్ బృందం అక్కడున్నారు. కన్వర్ చిత్రం 'ఎ సీజన్ అవుట్‌సైడ్' వాఘా సరిహద్దుతో మొదలవుతుంది. నేల మీద తెల్ల గీత. గీతకు అటో కూలీ, ఇటో కూలీ. తలమీద మోసుకొచ్చిన బస్తాను గీత దాటకుండా ఒకరి నుంచి ఒకరు అందుకుంటారు. రవి అగర్వాల్ దక్షిణ గుజరాత్‌లో కూలిపనులు చేసుకునేవాళ్ల ఫొటోలు పెట్టాడు. స్విస్ కళాకారుడు థామస్ హిర్ష్‌హార్న్ ఊరి మధ్యలోని భవనాలు వదిలేసి, టర్కీ నుంచి వలసొచ్చిన కార్మికులు ఉండే పేటలో తన నిర్మాణం పెట్టాడు. చూడాలంటే అక్కడికే పోవాలి.

విమర్శలు రాకుండా ఉంటాయా? ఇది కళా ప్రదర్శనా, వార్తాచిత్రాల పండగా అన్నారు. వీడియోలన్నీ చూడాలంటే సెలవు పెట్టుకు రావాలన్నారు. అందులో కొంత నిజం లేకపోలేదు. వంద రోజుల్లో సుమారు ఆరున్నర లక్షల మంది వచ్చి చూశారు. అన్నిటికంటే పెద్ద మార్పు తర్వాత తెలిసింది. ఆ తర్వాత ఎవరు ఏ అంతర్జాతీయ ప్రదర్శన పెట్టినా, జాబితాలో ఐరోపా, అమెరికా పేర్లు మాత్రమే ఉంటే సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చేది.

ఇక వరసగా పదవులు. శాన్‌ఫ్రాన్సిస్కో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో డీన్‌గా 2005 నుంచి 2009 వరకు ఉన్నాడు. స్పెయిన్‌లోని సెవిల్, దక్షిణ కొరియాలోని గ్వాంగ్జు, పారిస్... ఒకదాని తర్వాత ఒకటి. ఏడాదిలో సగం విమానాల్లోనే అన్నట్టు గడిచింది.

ఖాళీ భవనం, నిండు చరిత్ర

మళ్లీ మ్యూనిక్‌కు వద్దాం. యుద్ధంలో హిట్లర్ ఓడాక ఆ భవనం అమెరికా సైనిక అధికారుల క్లబ్బయింది. పేరులోంచి 'జర్మన్' అన్న మాట తీసేసి 'హౌస్ డెర్ కున్‌స్ట్'గా... అంటే కళా భవనంగా మార్చారు. 1955లో అక్కడే పికాసో ప్రదర్శన జరిగింది. ఆయన 'గెర్నికా' అదే గోడల మీద వేలాడింది. నాజీ విమానాలు తగలబెట్టిన ఊరి బొమ్మ, నాజీలు కట్టిన హాల్లో!

ఈ మ్యూజియానికి ఒక చిక్కుంది. సొంత బొమ్మలేవీ లేవు. సాలార్‌జంగ్‌కు ఉన్నట్టు ఏళ్ల తరబడి కూడబెట్టిన నిధి లేదు. ప్రతి ప్రదర్శనకూ అన్నీ అరువు తేవాల్సిందే. అరువంటే పక్కింట్లో బిందె అడిగినంత తేలిక కాదు. ఒక్కో బొమ్మకూ ఒప్పందం రాయాలి. బీమా కట్టాలి. గోడ మేకు నుంచి దించినప్పటి నుంచి తిరిగి అదే మేకుకు తగిలించేదాకా ఆ బీమా నడవాలి. ప్రత్యేకంగా చెక్కపెట్టె చేయించాలి. పెట్టె తెరిచినప్పుడు ఎక్కడైనా కొత్త గీత పడిందేమో చూసి కాగితం మీద రాసుకోవాలి. విలువైన బొమ్మకైతే దాని వెంటే ఒక మనిషి ప్రయాణం చేస్తాడు. ఇదంతా డబ్బు. ఆ డబ్బు ప్రభుత్వం నుంచి కొంత, దాతల నుంచి కొంత తేవడం డైరెక్టరు మెడకు చుట్టుకున్న పని.

భవనం చరిత్రను కప్పిపుచ్చే పనిలేదనుకున్నాడు ఎన్వెజర్. 2012లో భవనానికి 75 ఏళ్లు నిండాయి. ఆ సందర్భంగా 1937 నుంచి 1955 దాకా ఆ గోడల మధ్య ఏం జరిగిందో చెప్పే ప్రదర్శన పెట్టించాడు. మరుసటి ఏడాది అమెరికా కళాకారుడు మెల్ బాక్నర్‌ను పిలిచాడు. ఆయన భవనం ముఖభాగం మీదే యిడ్డిష్ మాటలు పెద్దపెద్ద అక్షరాలతో పేర్చాడు. యిడ్డిష్ అంటే తూర్పు ఐరోపా యూదుల ఇంటి భాష. ఆ భాష మాట్లాడేవాళ్లను లక్షలకు లక్షలుగా చంపించినవాడి గుమ్మం మీద, ఆ భాషే!

గయానాలో పుట్టిన ఫ్రాంక్ బౌలింగ్ అనే చిత్రకారుడికి 2017లో ఇక్కడ పెద్ద ప్రదర్శన ఏర్పాటు చేశాడు. అప్పటికి బౌలింగ్ వయసు 83. రంగుల వరదలో దక్షిణ అమెరికా, ఆఫ్రికా పటాలు తేలుతున్నట్టు గీసే మనిషి. లండన్‌లోని టేట్ బ్రిటన్ ఆయనకు పూర్తిస్థాయి ప్రదర్శన పెట్టింది 2019లో. సర్ బిరుదు వచ్చింది 2020లో. బౌలింగ్ ఉంటున్నది ఆ లండన్‌లోనే!

ఈ భవనంలో ఆయన చేసిన అతి పెద్ద పని మాత్రం 2016 అక్టోబరులో మొదలైన 'పోస్ట్‌వార్'. 1945 నుంచి 1965 వరకు కళ ఏం చేసిందన్నది విషయం. ఆ కథ అంతకుముందు ఎప్పుడు చెప్పినా పారిస్ తగ్గింది, న్యూయార్క్ పెరిగింది అంటూ చెప్పేవారు. ఎన్వెజర్, ఆయన తోటి క్యూరేటర్లు 65 దేశాల నుంచి 218 మంది కళాకారుల్ని, సుమారు 350 కళాఖండాల్ని తెచ్చారు. మన హుస్సేన్, సూజా కూడా అమెరికా, ఐరోపా దిగ్గజాల సరసన నిలబడ్డారు. ఆ ఇరవై ఏళ్లలోనే భారత్ స్వాతంత్ర్యం తెచ్చుకుంది, ఆఫ్రికా దేశాలు ఒక్కొక్కటే జెండా ఎగరేశాయి. ఇన్ని దేశాలు కొత్తగా పుడుతుంటే బొమ్మలు గీసేవాడు న్యూయార్క్‌లో మాత్రమే ఉంటాడా?

వెనిస్‌లో మార్క్స్ పారాయణం

ఈలోపు 2015లో వెనిస్ ద్వైవార్షిక ప్రదర్శనకు సారథ్యం వచ్చింది. 1895లో పుట్టిన ఆ ఉత్సవానికి ఆఫ్రికాలో పుట్టిన మనిషి అధిపతి కావడం అదే మొదలు. డాక్యుమెంటా, వెనిస్ రెండూ నడిపినవాళ్లలో ఆయనకంటే ముందున్నది స్విట్జర్లాండ్‌కు చెందిన హరాల్డ్ జీమన్ ఒక్కడే.

53 దేశాల నుంచి 136 మంది కళాకారులు వచ్చారు. ప్రధాన మండపం నడిబొడ్డున చిన్న రంగస్థలం కట్టించి, కార్ల్ మార్క్స్ 'పెట్టుబడి' గ్రంథాన్ని నెలల తరబడి గొంతెత్తి చదివించాడు. మన గుళ్లో పారాయణం పెట్టినట్టే! బయట కాలువలో కోటీశ్వరుల విహార నౌకలు లంగరేసి ఉంటే, లోపల కార్మికుడి శ్రమ విలువ గురించి పఠనం. ఇది వ్యంగ్యమా, వేషమా అని పత్రికలు దెప్పిపొడిచాయి. రెండిటిలో ఏదని తేల్చడం కష్టమే.

తోటలో రాక్స్ బృందం పెట్టిన విగ్రహాలు చూసినవాళ్లు ఆగి నవ్వుకున్నారు. దిల్లీలో కొరొనేషన్ పార్క్ ఉంది. 1911లో అయిదో జార్జి దర్బారు జరిగిన చోటు. స్వాతంత్ర్యం వచ్చాక తెల్లదొరల విగ్రహాలు కొన్నిటిని నగరంలోంచి పెకలించి తెచ్చి అక్కడ నిలబెట్టారు. రాక్స్ వాళ్లు ఆ విగ్రహాల్లాంటివే చేసి వెనిస్ దారుల వెంట పెట్టారు. ఒకదానికి మొహం లేదు. ఇంకోదానికి మనిషే లేడు, వేసుకున్న రాచకోటు మిగిలింది!

చివరి తెర

పైకెక్కినవాడికి దిగే రోజు వస్తుంది. ఎన్వెజర్‌కు అది బాధగా వచ్చింది. పెద్ద ప్రదర్శనలకు పెద్ద ఖర్చు. 2017 నాటికి హౌస్ డెర్ కున్‌స్ట్ ఆర్థిక ఇబ్బందుల్లో పడింది. సిబ్బంది వ్యవహారాల మీదా పత్రికల్లో వార్తలొచ్చాయి. డబ్బు లెక్కలు చూడ్డానికి వేరే డైరెక్టరును తెచ్చారు. ఊహ ఘనం, లెక్క పలచన అని విమర్శించినవాళ్లున్నారు. పనిని వదిలేసి లోటు ఒక్కదాన్నే చూస్తున్నారని ఆయన నొచ్చుకున్నాడు. అప్పటికే క్యాన్సర్‌తో పోరాడుతున్నాడు. 2018 జూన్‌లో ఆరోగ్యం బాగాలేదని పదవి వదిలేశాడు. ఆయన వెళ్లాక, అక్కడ జరగాల్సిన జోన్ జోనస్, ఏడ్రియన్ పైపర్ అనే ఇద్దరు సీనియర్ కళాకారిణుల ప్రదర్శనల్ని డబ్బుల్లేవని రద్దుచేశారు. జోనస్ ప్రదర్శన మళ్లీ అదే భవనంలో జరగడానికి 2022 దాకా ఆగాల్సి వచ్చింది.

ఒక ప్రదర్శన మాత్రం ఆగలేదు. ఎల్ అనాట్‌సుయి. ఘానాలో పుట్టి, 1975 నుంచి ఎన్సుక్కాలో పాఠాలు చెప్పిన శిల్పి. ఎన్వెజర్ పద్దెనిమిదేళ్ల వయసులో కొన్ని నెలలే చదివి వదిలేసిన విశ్వవిద్యాలయం అదే! అనాట్‌సుయి పారేసిన సీసా మూతల్ని చదునుచేసి, రాగి తీగతో ఒకదానికొకటి కుట్టి, గోడంత బంగారు దుప్పట్లు తయారుచేస్తాడు. దూరం నుంచి జరీ చీర. దగ్గరికెళ్తే సారా సీసా మూత!

ఈ ప్రదర్శనను ఎన్వెజర్, 'న్కా' రోజుల నాటి మిత్రుడు చికా ఒకెకె అగులు కలిసి తీర్చిదిద్దారు. 2019 మార్చి 8న మొదలైంది. భవనం ముందున్న ఆ రాతి స్తంభాల బారు కోసం అనాట్‌సుయి ఒక కొత్త పని చేశాడు. సుమారు 110 మీటర్ల పొడవు. ఈసారి సీసా మూతలు కావు, అచ్చు యంత్రాల్లో వాడేసిన లోహపు ప్లేట్లు. తెల్లారేసరికి మీ గుమ్మంలో పడే పత్రిక అచ్చయ్యేది అలాంటి ప్లేట్ల మీదే. వేలాది ప్లేట్ల మీద నిన్నటి వార్తలు, నిన్నటి ఫొటోలు. హిట్లర్ ముచ్చటపడి కట్టించుకున్న ముఖద్వారాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు అవే కప్పేశాయి.

సరిగ్గా వారానికి, మార్చి 15న, అదే మ్యూనిక్‌లో ఎన్వెజర్ కన్నుమూశాడు. వయసు 55.

ఆయన రాసిపెట్టుకున్న జాబితాలు ఇంకా మిగిలే ఉన్నాయి. నల్లజాతి అమెరికన్ల దుఃఖం గురించి తలపెట్టిన ప్రదర్శనను 2021లో న్యూయార్క్‌లోని న్యూ మ్యూజియంలో మిత్రులు పూర్తిచేశారు. షార్జా ద్వైవార్షికకు ఆయన వేసిన ప్రణాళిక 2023లో అమలైంది. ముప్ఫై ఏళ్ల ఆ ఉత్సవానికి గుర్తుగా 30 కొత్త కళాఖండాలు చేయించాలన్నది ఆయన కోరికే. న్యూయార్క్ ప్రదర్శనను పూర్తిచేసిన నలుగురిలో నల్లజాతి క్యూరేటర్ నయొమీ బెక్‌విత్ ఒకరు. 2027లో కాసెల్‌లో జరగాల్సిన పదహారో డాక్యుమెంటాకు సారథిగా 2024 డిసెంబరులో ఆమె పేరు ప్రకటించారు.